ఎదురుగాలి దారి: ఏటూరునాగారం నుంచి హనుమకొండ దాకా

(హనుమకొండలో, సైకిల్ మీద దూర ప్రయాణాలు చేయాలనుకునే యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక గోడకు సైకిళ్లు ఆనించి నిలబడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

దూర ప్రయాణాల గురించి మాట్లాడమని పిలిచారు. ఏ సైకిల్ కొనాలి, టైరు ఎంత లావుండాలి, సీటు ఎంత ఎత్తులో పెట్టుకోవాలి, ఇవన్నీ ఇవాళ ఫోన్‌లో దొరుకుతాయి. నేను గాలి గురించి మాట్లాడతాను. మన దగ్గర సైకిల్ మీద దూరం పోయేవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది అదే. మన దారుల్లో పెద్ద ఘాట్లు లేవు. ఎండను తెల్లారకముందే బయల్దేరి తప్పించుకుంటాం. వాన వస్తే తడుస్తాం, ఆరుతాం. గాలి మాత్రం కంటికి కనిపించదు. ఉత్సాహంగా సైకిల్ కొన్న కుర్రాడు ఆషాఢంలో ఒక రోజు జనగామ వైపు పోతాడు. నలభై కిలోమీటర్లకే తొడలు పట్టేస్తాయి. "నాకు దమ్ము లేదు" అనుకుని ఇంటికొచ్చి సైకిల్‌ను మెట్ల కింద పెట్టేస్తాడు. అలా మెట్ల కింద దుమ్ము పట్టిన సైకిళ్లు నేను చాలా చూశాను. వాళ్లలో దమ్ము లేనివాళ్లు ఎవరూ లేరు. గాలి లెక్క వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. నా బాధ అక్కడే. అందుకే ఒక రోజు ప్రయాణం తీసుకుని ఆ లెక్క మీ ముందు పెడతాను.

మన గాలి ఏటా ఎటు నుంచి వస్తుందో మీ ఇంట్లో తాతనడిగినా చెబుతాడు. మృగశిర కార్తె వచ్చాక పడమటి గాలి మొదలవుతుంది. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి పడమటి కనుమలు దాటి దక్కన్ మీదుగా మనవైపు వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా వరంగల్లు మీద గాలి ఎక్కువ రోజులు పడమర నుంచో నైరుతి నుంచో వీస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు కదిలితే ఆ గాలి ఇంకా జోరందుకుంటుంది, ఎందుకంటే అల్పపీడనానికి దక్షిణాన ఉన్న మన మీదుగానే గాలి దానివైపు లాగబడుతుంది. టీవీలో "అల్పపీడనం" అనే మాట వినగానే మనం వాన ఒక్కటే ఆలోచిస్తాం. సైకిల్ తొక్కేవాళ్లు గాలి కూడా ఆలోచించాలి. చలికాలంలో తిరగబడి తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది, కానీ అంత బలం ఉండదు. ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేస్తే అది వేరే కథ. అది దిక్కు చూసుకుని రాదు, అప్పుడు సైకిల్ దిగి ఏ అరుగో, బస్ షెల్టరో చూసుకోవడం తప్ప చేసేదేం లేదు.

ఇప్పుడు మన రోడ్లు చూడండి. 163వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్ నుంచి భువనగిరి, జనగామ, కాజీపేట, హనుమకొండ, ములుగు మీదుగా ఏటూరునాగారం దాటి గోదావరి అవతలికి పోతుంది. దాదాపు పడమర-నైరుతి నుంచి తూర్పు-ఈశాన్యానికి గీత గీసినట్టే ఉంటుంది. అంటే వానాకాలపు గాలికి ఈ రోడ్డు అటూ ఇటూ కాకుండా సరిగ్గా ఎదురెదురుగా పడుతుంది. హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయేటప్పుడు గాలి వీపు మీద చెయ్యేసి నెడుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఛాతీ మీద ఉంటుంది. పైగా గోదావరి ఒడ్డు పల్లం, మన ఊరు మెరక. తిరుగు దారిలో రెండు వందల మీటర్ల దాకా ఎత్తుకు ఎక్కాలి. ఆ ఎక్కడం వంద కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. కాళ్లకు మాత్రం తెలుస్తుంది.

నేను చెప్పబోయేది ఆ తిరుగు ప్రయాణమే. తొలి ఏకాదశి దాటిన రోజులు. నేనూ నా మిత్రుడూ ముందురోజు గాలివాటున హాయిగా ఏటూరునాగారం చేరాం. సాయంత్రం ముల్లకట్ట వంతెన మీద నిలబడి గోదావరిని చూశాం, నీళ్లు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. వంతెన మీద చొక్కా ఒంటికి అంటుకుపోయేంత గాలి. రేపటి సంగతి అక్కడే అర్థమైంది. రాత్రి పడుకునే ముందు ఇద్దరం కూర్చుని ఒక నిర్ణయానికొచ్చాం: రేపు ఎన్ని కిలోమీటర్లు అయ్యాయని ఒకరినొకరం అడగం. ఎన్ని గంటలు తొక్కామన్నదే చూస్తాం. ఈ ఒక్క మాట మీరు ఇవాళ ఇంటికి పట్టుకుపోతే నాకు చాలు. ఎదురుగాలి రోజున స్పీడు మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉండేది మనం పెట్టే శ్రమ, అది రోజంతా ఒకే తీరుగా ఉండేలా చూసుకోవడం.

పొద్దున చూపు ఆనే వేళకు లైట్లు వేసుకుని బయల్దేరాం. తాడ్వాయి దాకా, ఆ తర్వాత పస్రా దాకా రోడ్డుకు రెండు పక్కలా అడవే. ఏటూరునాగారం అభయారణ్యం అది, 1950ల తొలినాళ్ల నుంచి రక్షిత ప్రాంతం. టేకు, మద్ది, ఇప్ప చెట్లు. వానలకు కొత్త ఆకు వేసి దట్టంగా ఉన్నాయి. ఆ దారిలో మీరు ఎప్పుడైనా పొద్దున తొక్కితే ఒక వింత గమనిస్తారు. తల మీద కొమ్మల్లో గాలి హోరు వినబడుతుంది, కింద రోడ్డు మీద ఎండుటాకు కూడా కదలదు. చెట్లు గాలిని తమ మీద వేసుకుంటాయి. అడవి లోపల మా స్పీడు మామూలుగానే ఉంది, పద్దెనిమిది, ఇరవై. మిత్రుడు మురిసిపోయాడు. "ఇట్లయితే మధ్యాహ్నం బువ్వకు ఇంట్లో ఉంటం" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పొద్దున గాలి తక్కువ ఉండడానికి అడవి ఒక్కటే కారణం కాదు. రాత్రి నేల చల్లబడుతుంది, నేలకు దగ్గరగా ఉన్న గాలి బరువెక్కి కదలకుండా పడుకుంటుంది, పైన వేగంగా పోయే గాలి కిందికి దిగదు. పొద్దెక్కి నేల వేడెక్కాక కింది గాలి పైకి లేస్తుంది, పైగాలి జోరంతా కిందికి దిగుతుంది. అందుకే పది దాటాక పెరిగి, మధ్యాహ్నం రెండు మూడింటికి జోరు మీదుండి, పొద్దుగూకాక తగ్గుతుంది. మబ్బు పట్టి ముసురు ఉన్న రోజున ఈ తేడా కొంచెం తక్కువ. ఎండ కాసిన రోజున స్పష్టంగా తెలుస్తుంది.

పస్రా దగ్గర అడవి అయిపోతుంది. అక్కడ ఏమైందో చూడండి. మలుపు తిరిగాం, రోడ్డు పొలాల్లోకి వచ్చింది, ఎవరో బ్రేకు పట్టినట్టు సైకిల్ ఆగింది. నిజంగా వెనక బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటోందేమోనని మిత్రుడు దిగి చక్రం ఎత్తి తిప్పి చూశాడు. చక్రం బాగానే తిరిగింది. గాలే. గోవిందరావుపేట చుట్టూ లక్నవరం చెరువు కింద ఆయకట్టు, కనుచూపు మేర నారుమళ్లు, దుక్కి చేసిన మడులు. మెట్ట మీద పత్తి ఇంకా జానెడు కూడా లేవలేదు. గాలిని ఆపడానికి ఏదీ లేదు. అదే ప్రయాణం సెప్టెంబర్‌లో చేస్తే మక్కచేన్లు నిలువెత్తు ఉంటాయి, కొంత చాటు దొరుకుతుంది. పంట ఎత్తు కూడా సైకిల్‌కు లెక్కే.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, భయపడకండి. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం, మన ఒంటికి తగిలే గాలి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గాలి లేని రోజు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి తగిలేది ఇరవై. ఎదురుగా ఇరవై కిలోమీటర్ల గాలి ఉంటే, అదే వేగంతో పోతే తగిలేది నలభై. వేగం రెట్టింపు, బలం నాలుగు రెట్లు. టైరు రోడ్డుకు రాసుకునే నిరోధం గాలితో మారదు కాబట్టి మొత్తం శ్రమ నాలుగు రెట్లు కాదు గానీ, రెండున్నర రెట్లు దాటుతుంది. ఆ శ్రమ ఒక గంట పెట్టగలం, రోజంతా పెట్టలేం. సరే, శ్రమ మార్చకుండా తొక్కితే ఏమవుతుంది? సామాను వేసుకున్న మామూలు మనిషి వంద వాట్ల శ్రమతో, గాలి లేని చదును రోడ్డు మీద సుమారు ఇరవై మూడు కిలోమీటర్ల వేగంతో పోతాడు. అదే శ్రమ, అదే మనిషి, ఎదురుగా ఇరవై కిలోమీటర్ల గాలి: పద్నాలుగు. ఈ పద్నాలుగు చూసి మనసు పాడుచేసుకోవద్దు. శరీరం చేసే పనిలో ఏ లోటూ లేదు. మీటరు మీద అంకె తగ్గింది, అంతే.

ఆ అంకెను పెంచుదామని పెద్ద గేరు మీద బలంగా తొక్కడమే చాలామంది చేసే పని. మోకాళ్లు అక్కడే పోతాయి. చల్వాయి దాటేలోపే మేం గేర్లు తేలిక చేసుకున్నాం. గుట్ట ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తారో ఆ గేరు. నిమిషానికి పెడల్ డెబ్బై అయిదు, ఎనభై సార్లు తిరిగితే చాలు, సైకిల్ ఎంత నెమ్మదిగా పోయినా పర్వాలేదు. నాగలి కట్టిన ఎద్దు నడక చూశారు కదా, సాలు మొదట్లోనూ అదే అడుగు, చివర్లోనూ అదే అడుగు. పక్కన ఎవరైనా మాట్లాడితే పూర్తి వాక్యంలో జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతున్నామంటే గేరు ఇంకా తేలిక చేయాలి.

గేర్లు లేని సైకిల్ ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, చూశాను. మీరు నిరుత్సాహపడాల్సిన పని లేదు. సైకిల్ షాపుకు పోయి వెనక ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి చైను పట్టుకునే పళ్ల చక్రం, మార్పించుకోండి. 18 పళ్లది ఉంటే తీసి 20 గానీ 22 గానీ వేయించండి. చైను ఒక లింకు పెంచాల్సి రావచ్చు, మిస్త్రీ చూసుకుంటాడు. స్పీడు కొంచెం తగ్గుతుంది, మోకాళ్లు మిగులుతాయి. మన సింగరేణి కార్మికులు షిఫ్టులకు, గీత కార్మికులు కల్లు కుండలు కట్టుకుని ఊళ్లకు, పాలవాళ్లు క్యాన్లు వేలాడేసుకుని టౌన్లకు తిరిగింది ఈ గాలిలోనే, ఈ గేరు లేని సైకిళ్ల మీదనే. దూరం సైకిల్ తొక్కడం అనేది ఎక్కడి నుంచో వచ్చిన సరదా అని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. ఈ నేల మీద అది బతుకుదెరువుగా ఉండింది.

గాలికి అడ్డంపడేది సైకిల్ కన్నా ఎక్కువగా మన ఒళ్లే. అందుకే ఒళ్లు చిన్నది చేసుకోవాలి. మోచేతులు వంచి, ఛాతీ కొంచెం కిందికి దించితే తేడా వెంటనే తెలుస్తుంది. నడుము నొప్పి వచ్చేదాకా వంగక్కర్లేదు, పదిహేను నిమిషాలు వంగి, అయిదు నిమిషాలు నిటారుగా కూర్చోండి. జిప్పు పెట్టని రెయిన్‌కోటు, కొట్టుకునే తువాల, క్యారియర్ మీద నిలబెట్టిన సంచి, ఇవన్నీ తెరచాపలే. ఆ రోజు మిత్రుడి రెయిన్‌కోటు వీపు మీద ఉబ్బి ఫటఫటా కొట్టుకుంటుంటే ఆపి, తాడుతో నడుముకు బిగించి కట్టాం. తర్వాత అతనే చెప్పాడు, ఒక గేరు మిగిలినట్టుందని.

ఇద్దరు ఉంటే ఒకరి చాటున ఒకరు పోవాలి. వెనకవాళ్లకు గాలి శ్రమ నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. మేం కిలోమీటరు రాయికి ఒకసారి మారాం. మిత్రుడు అలిసినట్టు అనిపించాక నేను రెండు రాళ్లు, తను ఒక రాయి. వాటాలు సమానంగా ఉండాలనే పట్టింపు ఇక్కడ పనికిరాదు. బలం ఉన్నవాళ్లు ఎక్కువసేపు ముందుండాలి. నా దృష్టిలో ఇది మర్యాద కూడా. గ్రూపులో బలమైనవాడు ముందుకు దూసుకుపోయి టీ హోటల్ దగ్గర కాలు మీద కాలేసుకుని, వెనక ఒంటరిగా గాలిలో పడివచ్చేవాళ్ల కోసం ఎదురుచూడడం నాకు అస్సలు నచ్చదు. కొత్తవాళ్లను సైకిల్‌కు దూరం చేసేది అదే. ఇక జాగ్రత్త: ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం పోనివ్వద్దు. అది తగిలితే పడేది వెనకవాళ్లే. గుంత ఉంటే చేత్తో చూపించాలి, ఆపే ముందు నోటితో చెప్పాలి. పక్కగాలి వచ్చినప్పుడు రేసుల్లో ఏటవాలు వరుస కడతారు, టీవీలో చూసి ఉంటారు. లారీలు తిరిగే మన హైవే మీద అది చేయకండి, సగం రోడ్డు ఆక్రమించినట్టవుతుంది.

లారీ సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఎదురుగా వచ్చే లారీ తనతో ఒక గాలి గోడ తోసుకొస్తుంది. దానికి ఎదురుగాలి తోడైతే ముఖం మీద చెంపదెబ్బే. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి, నీళ్ల సీసా అప్పుడు తీయకూడదు. పక్కగాలిలో ఇంకో ప్రమాదం ఉంది. గాలికి తట్టుకోవడానికి మనం తెలియకుండానే ఒక పక్కకు ఒరిగి తొక్కుతుంటాం. లారీ మనకూ గాలికీ మధ్యలోకి వచ్చిన క్షణం గాలి ఆగిపోతుంది, మనం లారీ వైపుకే ఒరుగుతాం. లారీ దాటగానే మళ్లీ గాలి ఇటు తోస్తుంది. రోడ్డు అంచు నుంచి ఒక మూర లోపలికి తొక్కితే తట్టుకోవడానికి చోటుంటుంది. చెవుల్లో గాలి హోరుకు వెనక హారన్ వినబడదు, అందుకని అద్దం పెట్టించుకోండి. ఖరీదు చాలా తక్కువ, ప్రాణం ఖరీదు మీకు తెలుసు.

ములుగు దాటి జాకారం దగ్గర గట్టమ్మ గుడి. మేడారం పోయే బండ్లన్నీ అక్కడ ఆగి మొక్కి పోతాయి. అక్కడ గుట్ట చాటుకు గాలి కాస్త తగ్గింది. రోడ్డు పక్క ఒక చాయ్ హోటల్ ముందు ఆగాం. కట్టెల పొయ్యి, పొయ్యికి పడమటి పక్కన నూనె డబ్బాలు కోసి చదును చేసిన రేకులు రెండు, వెదురు గుంజలకు కట్టి నిలబెట్టారు. రేకుల కింది భాగంలో మట్టి ఎగదోసి సందు లేకుండా చేశారు. మంట అటూ ఇటూ ఊగకుండా గిన్నె అడుగుకు నిలువుగా లేస్తోంది. తూర్పు పక్కన గుంజలు ఊరికే నాటి ఉన్నాయి, రేకుల్లేవు. ఎందుకని అడిగాను. హోటల్ నడిపే అవ్వ చెప్పింది: "గవి చలికాలానికి బిడ్డా. అప్పుడు గాలి గటు తిరుగుతది, రేకులు గటు కడుత." ఏ వాతావరణ శాఖ బులెటిన్‌లోనూ అంత సూటిగా చెప్పలేరు. ఏటూరునాగారం నుంచి వస్తున్నామంటే ఆమె ఆశ్చర్యపోయి, "ఈ గాలికా? పొద్దుగూకంగ నిమ్మళమైతది. గప్పటిదాంక గీడనే కూసోరాదుండ్రి" అంది. రెండేసి చాయ్‌లు, ఇంటి నుంచి తెచ్చుకున్న పేలపిండి తిన్నాం. జొన్న పేలాల పిండి, బెల్లం. దూర ప్రయాణానికి అంతకన్నా మంచి తిండి నాకు తెలియదు. తేలిగ్గా అరుగుతుంది, మెల్లగా బలాన్నిస్తుంది, వారమైనా పాడవదు.

తిండి దగ్గర ఒక మాట. ఎదురుగాలి రోజున కిలోమీటర్లకు కాదు, గంటలకు సరిపడా తినాలి. అయిదు గంటల దూరం తొమ్మిది గంటలైతే తిండీ తొమ్మిది గంటలకు కావాలి. నీళ్లు ఇంకా ముఖ్యం. గాలికి చెమట పుట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు పొడిగా ఉంటుంది కాబట్టి దాహం తెలియదు. చేతి మీద ఉప్పు తెల్లగా గీతలు కట్టిందంటే అప్పటికే ఆలస్యమైంది. గడియారం చూసుకుని పావుగంటకు రెండు గుక్కలు తాగండి. ఒక సీసాలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోండి.

మల్లంపల్లి దాటాక కటాక్షపూర్ చెరువు. వానలు గట్టిగా పడితే మత్తడి దూకి రోడ్డు మీదికి నీళ్లు వచ్చే చోటు అది. ఆ రోజు మత్తడి దూకలేదు గానీ చెరువులో నీళ్లు బాగానే ఉన్నాయి. నీళ్ల మీద గాలికి అడ్డమేముంది? అలలు తెల్లగా నురుగు కట్టి ఒడ్డు రాళ్లకు కొట్టుకుంటున్నాయి, తుంపర్లు ముఖం మీద పడుతున్నాయి. గాలి జోరును కంటితో కొలిచే పద్ధతి ఒకటుంది. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో మొదలుపెట్టిన కొలమానం. తర్వాతి కాలంలో దాన్ని నేల మీదికీ పనికొచ్చేలా మార్చారు. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే మూడో నంబరు, గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్మూ కాగితాలూ లేస్తే నాలుగు, 20 నుంచి 28. చిన్న చెట్లు ఊగి, చెరువు నీళ్ల మీద నురుగు అలలు లేస్తే అయిదు, 29 నుంచి 38. పెద్ద కొమ్మలు ఊగి, కరెంటు తీగలు ఈల వేసి, గొడుగు పట్టడం కష్టమైతే ఆరు. నా పద్ధతి చెబుతాను: ఎదురుగా నాలుగో నంబరు ఉంటే అనుకున్న దూరంలో మూడో వంతు తగ్గిస్తాను. అయిదు ఉంటే సగం. ఆరు ఉంటే హైవే ఎక్కను. కటాక్షపూర్ కట్ట పక్కన అయిదు కచ్చితంగా ఉంది. అక్కడ మా వేగం నడిచేవాళ్లకన్నా కొంచెం ఎక్కువ, అంతే.

ఎదురుగాలిలో మనసు పడే కష్టం గుట్ట ఎక్కేటప్పుడు ఉండదు. గుట్టకు శిఖరం కనిపిస్తుంది, అక్కడిదాకా పోతే దిగుడు ఉంటుందని తెలుసు. గాలికి శిఖరం లేదు. ఎంత తొక్కినా ప్రతిఫలంగా దిగుడు రాదు. అందుకే మనమే శిఖరాలు పెట్టుకోవాలి. మేం గంట తొక్కి పది నిమిషాలు ఆగాం. సైకిల్ మీటరు మీద చేతిరుమాలు చుట్టేశాం, నిజంగానే. ఆ అంకె కనిపించకపోయేసరికి చుట్టూ ఉన్నది కనిపించింది. నారు పీకుతున్న ఆడవాళ్లు కొంగులు తలకు చుట్టుకుని, గాలికి వీపు పెట్టి ఒకే వరుసలో వంగి ఉన్నారు. వాళ్లూ గాలి దిక్కు చూసుకునే మడిలో దిగారు.

ఆత్మకూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. అక్కడ ఆగిపోయాం. గుడి అరుగు మీద నాలుగు దాకా పడుకున్నాం. మధ్యాహ్నం గాలి పని, పొద్దునా సాయంత్రం మన పని. ఆ మూడు గంటలు మొండిగా తొక్కితే పదిహేను, ఇరవై కిలోమీటర్లు వచ్చేవేమో. ఒళ్లు మాత్రం మిగిలేది కాదు. లేచాక గూడెప్పాడ్ దాకా గాలి ఇంకా ఉంది, దామెర దాటాక తగ్గుముఖం పట్టింది, అవ్వ చెప్పినట్టే. చీకటి పడకముందే హనుమకొండలో ఉన్నాం. మర్నాడు మామూలుగా పనికి పోయాం.

ఇక మీరు ప్లాన్ చేసుకునేటప్పుడు పనికొచ్చే విషయం. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలివాటు కదా, చెల్లుకు చెల్లు అనుకుంటారు. కాదు. అరవై కిలోమీటర్లు గంటకు పన్నెండు చొప్పున పోతే అయిదు గంటలు. తిరిగి ముప్పై చొప్పున వస్తే రెండు గంటలు. మొత్తం నూట ఇరవై, ఏడు గంటలు, సగటు పదిహేడు చిల్లర. గాలి లేకపోతే ఇరవై మూడు చొప్పున అయిదుంపావు గంటల్లో అయ్యేది. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, గాలివాటు అనుభవించే సమయం తక్కువ. అందుకే వానాకాలంలో ఒకవైపు ప్రయాణం చేయాలనుకుంటే రైలును వాడుకోండి. లగేజీ వ్యాను ఉన్న రైళ్లలో సైకిల్‌ను బుక్ చేసుకోవచ్చు. కాజీపేట మన ఇంటి ముందున్న జంక్షన్. సికింద్రాబాద్ దాకా రైల్లో పోయి అక్కడి నుంచి గాలివాటున హనుమకొండకు తొక్కుకుంటూ రండి. దారంతా కొంచెం పల్లం కూడా. మొదటి నూట యాభై కిలోమీటర్లు అలా చేసినవాళ్లు సైకిల్‌ను వదలరు.

బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూర సైకిల్ ప్రయాణాలు, చేయాలనుకునేవాళ్లు చేతులెత్తారు ఇందాక. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు. ఆగిన సమయంతో కలిపి గంటకు పదిహేను పడాలి. వానాకాలంలో మీ దారి మొదటి సగం ఎదురుగాలి అయితే గడువు గురించి కంగారుపడి బలంగా తొక్కకండి. ఆగే సమయం తగ్గించుకోండి, గాలివాటున కలిసొస్తుంది. నెదర్లాండ్స్‌లో అయితే ఎదురుగాలిలో తొక్కడానికే జాతీయ పోటీ పెట్టారు, 2013లో మొదలైంది. సముద్రపు తుఫాను అలలను ఆపే ఊస్టర్‌స్కెల్డె ఆనకట్ట మీద ఎనిమిదిన్నర కిలోమీటర్లు, గేర్లు లేని మామూలు సైకిళ్ల మీద. పెద్ద గాలి వస్తుందని తెలిశాకే కొద్దిరోజుల ముందు తేదీ ప్రకటిస్తారు. గాలిని ఇష్టంగా ఎదురుచూసే జనం ఉన్నారని తెలిసి నాకు చాలా సంతోషమేసింది.

ఎవరో చెల్లెలు అడుగుతోంది, అలిసిపోతే బస్సెక్కవచ్చా అని. తప్పకుండా ఎక్కవచ్చు అమ్మా. చీకటి పడేలోపు ఇల్లు చేరలేమనిపిస్తే, ఛాతీలో నొప్పిగా ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే దిగి ఏదో ఒక బండి పట్టుకోవాలి. ఇంట్లోవాళ్లకు ఏ ఊరు ఏ వేళకు దాటతామో ముందే చెప్పి ఉంచాలి, ఎదురుగాలి రోజున ఆ వేళలకు రెండు గంటలు కలిపి చెప్పండి, వాళ్లకు టెన్షన్ ఉండదు.

వచ్చే ఆదివారం కొత్తవాళ్లతో కలిసి కాజీపేట నుంచి మడికొండ, పెండ్యాల మీదుగా స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోదాం. పోయేటప్పుడు గాలి ముఖం మీద ఉంటుంది, వచ్చేటప్పుడు వీపు మీద. తెల్లవారుజామున అయిదింటికి కాజీపేట చౌరస్తా. పంపు, ఒక స్పేర్ ట్యూబు, రెండు నీళ్ల సీసాలు, అద్దం తెచ్చుకోండి. మీటరు ఉన్నవాళ్లు దానికి చుట్టడానికి ఒక చేతిరుమాలు కూడా.